తిరాహ్ 1897: లోపలికి వెళ్ళడం సరే, బయటికి ఎలా వచ్చారు?

ఓరుగల్లు_పిల్ల (శుక్రవారం రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. సారాగఢీ మీద సినిమా చూసినప్పటి నుంచి ఒక డౌటు పట్టుకుంది. 1897 సెప్టెంబరు 12న 36వ సిక్కు రెజిమెంటు సిపాయిలు 21 మంది ఆ చిన్న పోస్టులో ఆఖరి దాకా పోరాడి చనిపోయారు. సినిమా అక్కడితో అయిపోయింది. తర్వాత ఏమైంది? వెతికితే "తిరాహ్ దండయాత్ర" అని వస్తోంది. అందులో మళ్ళీ దర్గాయి అనే ఒక కొండ, కాళ్ళకి గుండ్లు తగిలినా బ్యాగ్‌పైపు వాయించిన స్కాట్లండు సిపాయి, అంతే. రాజు లేడు, ఫిరంగులు లేవు, అలాంటి తెగల మీదికి అంత సైన్యం వెళ్ళి ఎందుకు తిప్పలు పడింది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతపటాలు (శుక్రవారం రాత్రి 10:05)

మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందు పటం ముందేసుకో. పెషావర్‌కి నైరుతిగా, కోహాట్‌కి వాయవ్యంగా, సఫేద్ కోహ్ పర్వతాల తూర్పు కొసన ఉన్న ఎత్తైన లోయలే తిరాహ్. ఉత్తరాన ఖైబర్ కనుమ, దక్షిణాన సమానా కొండ వరుస. లోపల ఉండేది అఫ్రీదీలు, ఒరక్జాయిలు. 1893లో బ్రిటిష్ అధికారి డ్యూరాండ్, కాబూల్ అమీర్ అబ్దుర్ రహ్మాన్ కలిసి గీసిన గీత ప్రకారం ఇది బ్రిటిష్ వైపు వచ్చింది. కాగితం మీద సుమా. లోపలి మైదాన్ అనే లోయలో అప్పటి దాకా బ్రిటిష్ సైన్యం అడుగే పెట్టలేదు.

1897 వేసవిలో సరిహద్దు మొత్తం ఒక చివర నుంచి అంటుకుంది. జూన్‌లో తోచీ లోయలోని మైజర్, జులై 26న మలాకండ్, ఆగస్టులో శబ్కదర్. ఆగస్టు 23 నుంచి 25 లోపు ఖైబర్ కనుమలోని పోస్టులన్నీ పోయాయి, అలీ మసీదు, చివరికి లండీ కోతల్ కూడా. ఇక్కడ తమాషా ఏమిటంటే ఆ పోస్టులకి కాపలా ఉన్న ఖైబర్ రైఫిల్స్‌లో ఎక్కువమంది అఫ్రీదీలే. లండీ కోతల్లో వాళ్ళు సొంత తెగవాళ్ళ మీదే కాల్పులు జరుపుతూ నిలబడ్డారు. సుబేదార్ ముర్సిల్ ఖాన్ అక్కడే చనిపోయాడు. పెషావర్‌లో వేలమంది సైన్యం ఉండి కూడా సాయానికి కదల్లేదు. దాని మీద అప్పట్లోనే పెద్ద గొడవ అయింది.

సమానా కొండ మీది సారాగఢీ ఈ వరుసలో తర్వాతిది. అంటే నువ్వు చూసిన సినిమా మధ్యలో ఒక సీను.

టెక్సాస్_తెలుగోడు (శుక్రవారం రాత్రి 10:31)

అన్నా, తిరగబడటానికి కారణం ఏంటి మరి? అంతకు ముందు కనుమ తెరిచి ఉంచడానికి డబ్బు తీసుకునేవాళ్ళు కదా?

పాతపటాలు (శుక్రవారం రాత్రి 11:02)

తీసుకునేవాళ్ళు. 1881 నుంచి ఏటా భత్యం ముట్టేది. ఆ ఏర్పాటుని దగ్గరుండి నడిపిన రాజకీయ అధికారి రాబర్ట్ వార్బర్టన్. తల్లి అఫ్ఘాన్ రాజకుటుంబపు ఆవిడ, ఆయన పష్తో ఇంటి భాషలా మాట్లాడేవాడు. పద్ధెనిమిదేళ్ళు అక్కడే ఉండి సరిగ్గా 1897 వేసవిలో రిటైరయ్యాడు. ఆయన ఉంటే ఇంత జరిగేదా అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. నాకైతే అది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

కారణాలంటే అఫ్రీదీల డిమాండ్లే చూడు. సమానా మీద కట్టిన కోటలు తీసెయ్యాలి, స్వాత్ నుంచి వెళ్ళిపోవాలి, ఉప్పు పన్ను తగ్గించాలి. కోహాట్ దగ్గర ఉప్పు గనులున్నాయి, ఆ ఉప్పు కొండల్లోకి పోయేది. దీనికి తోడు ఆ ఏడే తుర్కీ గ్రీసుని ఓడించింది. ఇస్లాం రాజ్యాలకి మంచి రోజులొచ్చాయని ముల్లాలు ఊరూరా చెప్పారు.

రిటైర్డ్_శాపర్ (శనివారం ఉదయం 6:20)

ఓరుగల్లు పాపా, "రాజు లేడు, ఫిరంగులు లేవు" అన్నావే, తిప్పలన్నీ అందుకే వచ్చాయి. రాజు ఉంటే రాజధాని ఉంటుంది. దాన్ని పట్టుకుంటే యుద్ధం అయిపోతుంది. ఇక్కడ ఏం పట్టుకోవాలి? అఫ్రీదీల్లోనే ఎనిమిది శాఖలు. కుకీ ఖేల్, మలిక్‌దీన్ ఖేల్, కంబర్ ఖేల్, కమర్ ఖేల్, జక్కా ఖేల్, సిపాహ్, అకా ఖేల్, ఆదం ఖేల్. ఒక శాఖ సంధికి వస్తే పక్క శాఖ కాలుస్తుంది. ఆదం ఖేల్ వాళ్ళు, అంటే కోహాట్ కనుమ దగ్గర ఉండేవాళ్ళు, ఆ ఏడు అసలు కలవనే లేదు.

ఇక సైన్యం వైపు చూద్దాం. సర్ విలియం లాక్‌హార్ట్ కింద రెండు డివిజన్లు, పక్కన ఇంకొన్ని దళాలు. 34 వేల పైచిలుకు సిపాయిలు, అందులో మూడింట రెండు వంతులు మనవాళ్ళే. వాళ్ళ వెనక దాదాపు 20 వేలమంది డోలీ మోసేవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు. రైలు సింధు నది ఒడ్డున ఖుషాల్‌గఢ్‌తో ఆగిపోయేది. అక్కడ నది మీద పడవల వంతెన, ఆ తర్వాత కోహాట్ దాకా బండ్ల దారి, ఆపైన ఒంటెలు, ఆపైన కంచరగాడిదలు. ముందుకు పోయేకొద్దీ దారి సన్నబడుతుంది, మోసేది తగ్గిపోతుంది, తినే నోళ్ళు మాత్రం అన్నే.

పటం మీద బాణం గుర్తులు పెట్టడం సులభం. కొండ దారిలో కంచరగాడిదలు ఒకదాని వెనక ఒకటి నడవాల్సిందే. తెల్లారి మొదటి జంతువు కదిలితే, ఆఖరిది కదిలేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆఖరి జంతువు వెనక నడిచే దళం చీకటి పడ్డాక గానీ మకాం చేరదు. అఫ్రీదీలు కాచుకున్నది ఆ దళం కోసమే.

ఓరుగల్లు_పిల్ల (శనివారం ఉదయం 8:44)

సార్, థాంక్యూ. మరి దర్గాయి సంగతి? ఒకే కొండని రెండుసార్లు పట్టుకున్నారని ఒక చోట చదివాను. నిజమేనా?

లెక్చరర్‌గారి_నోట్సు (శనివారం ఉదయం 10:15)

నిజమేనమ్మా. ఈ దండయాత్ర మొత్తంలో అందరికీ గుర్తున్న పోరు దర్గాయి, అసలు జరగనవసరం లేని పోరు కూడా అదే.

సమానా కొండకి అవతల, షిన్వారీ నుంచి ఖాన్కీ లోయలోకి దిగే దారి మీద దర్గాయి శిఖరం నిట్టనిలువుగా ఉంటుంది. పైన ఎవరున్నారో కింద దారి వాళ్ళ చేతిలో ఉన్నట్టే. అక్టోబరు 18న గూర్ఖాలు, స్కాటిష్ బోర్డరర్స్ దాన్ని పెద్దగా నష్టం లేకుండా పట్టుకున్నారు. ఆ రోజు డివిజన్ కమాండర్ యేట్‌మన్-బిగ్స్‌కి ఒంట్లో బాగోలేక జనరల్ పామర్ నడిపించాడు. సాయంత్రానికి శిఖరాన్ని వదిలేసి కిందికి దిగివచ్చేశారు! దగ్గర్లో నీళ్ళు లేవు, పైకి సామాను చేర్చే దారి సిద్ధంగా లేదు, రాత్రి అక్కడ నిలబడటం కష్టం అన్నారు. ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ అదే దారిన పోవాలని అందరికీ తెలుసు.

20వ తేదీకి శిఖరం నిండా తెగలవాళ్ళు. కింది నుంచి ఎక్కాలంటే ఒక బోడి చదును దాటాలి. చెట్టు లేదు, రాయి లేదు. పొద్దున గూర్ఖాలు పరిగెత్తారు. కొందరు దాటి అవతల బండ కింద చేరారు గానీ, వెనక వచ్చేవాళ్ళు మధ్యలోనే పడిపోయారు. తర్వాత డార్సెట్‌లు, డర్బీషైర్‌లు అనే ఇంగ్లీషు పటాలాలు. అదే కథ. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో గోర్డన్ హైలాండర్స్ కర్నల్ మథియాస్ తన పటాలానికి చెప్పింది రెండు ముక్కల్లో: ఈ కొండ ఎట్లాగైనా పట్టుకోవాలని జనరల్ అంటున్నారు, గోర్డన్‌లు పట్టుకుంటారు. ఒకేసారి ఉప్పెనలా వెళ్ళారు, వాళ్ళతో మిగిలిన పటాలాలవాళ్ళు కూడా లేచారు. నిమిషాల్లో పైకెక్కారు. పైనున్నవాళ్ళు కలబడడానికి ఆగలేదు, వెనక లోయలోకి దిగిపోయారు. ఆ రోజు నష్టం చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 200 దాకా.

బ్యాగ్‌పైపు వాయించిన జార్జ్ ఫిండ్లేటర్‌కి బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. తర్వాత ఆయన లండన్‌లో వినోదశాలల స్టేజీ మీద డబ్బుకి వాయించడం మొదలుపెడితే పరువు పోయిందని అధికారులు గోల చేశారు, ఆ విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది. పాపం, ఆ పింఛనుతో బతకడం ఎలాగో వాళ్ళెవరూ చెప్పలేదు.

రాళ్ళసీమోడు (శనివారం మధ్యాహ్నం 12:03)

మేడమ్, దర్గాయిలో మొత్తం నాలుగు విక్టోరియా క్రాసులు ఇచ్చారు. నాలుగూ తెల్లవాళ్ళకే. పొద్దున మొదట పరిగెత్తి చచ్చింది గూర్ఖాలు కదా. వాళ్ళకేది?

లెక్చరర్‌గారి_నోట్సు (శనివారం మధ్యాహ్నం 12:40)

1911 దాకా భారతీయ సిపాయిలకి ఆ పతకం ఇచ్చే నిబంధనే లేదండీ. వాళ్ళకి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఒక్కటే. సారాగఢీ 21 మందికీ వచ్చింది అదే. పుస్తకాల్లో దర్గాయి అంటే గోర్డన్‌ల పేరే మోగడానికి కొంత కారణం ఇది, కొంత కారణం బ్యాగ్‌పైపు.

టెక్సాస్_తెలుగోడు (శనివారం మధ్యాహ్నం 1:15)

అంతా విన్నాక నాకు అర్థమైంది: పొద్దున పట్టుకున్న సీటు మీద కనీసం ఒక తువ్వాలైనా వేసి రావాలి 😀

రిటైర్డ్_శాపర్ (శనివారం సాయంత్రం 5:30)

నవ్వొచ్చే మాటే గానీ తువ్వాలు వేయడానికి కూడా పైకి నీళ్ళు, తూటాలు, దుప్పట్లు మోసే మనుషులు కావాలి బాబూ. ఆ దారి సిద్ధం చేసేది మా శాపర్లే, అంటే దారులు, వంతెనలు వేసే సిపాయిలు. 18న దారి సగంలో ఉంది. పామర్‌ని తిట్టేవాళ్ళు ఒకసారి ఆ రాత్రి పైన వెయ్యిమందికి మంచినీళ్ళు ఎట్లా చేర్చేవాళ్ళో లెక్క వేసి చెప్పాలి. నా అభిప్రాయంలో తప్పు దిగివచ్చిన రోజుది కాదు. దారి సిద్ధం కాకుండా 18న పైకి వెళ్ళడంలోనే ఉంది.

పాతపటాలు (శనివారం రాత్రి 9:20)

అక్కడి నుంచి మాత్రం ముందుకి చకచకా వెళ్ళారు. 29న సంపగా కనుమ, 31న అర్హంగా కనుమ. దర్గాయిలో అంత పోరాడినవాళ్ళు ఈ రెండు చోట్లా పెద్దగా అడ్డుకోలేదు. నవంబరు మొదటికల్లా మైదాన్ లోయ.

లోయ చూసి బ్రిటిష్ వాళ్ళే ఆశ్చర్యపోయారు. దొంగల గుహలు ఉంటాయనుకుంటే మెట్లు మెట్లుగా పొలాలు, అక్రోటు చెట్లు, రెండు మూడంతస్తుల మట్టి ఇళ్ళు, ఇంటింటికీ మొక్కజొన్న, పశువుల మేత నిల్వలు. అఫ్రీదీలకి ఇది వేసవి ఊరు, చలికాలం పెషావర్ వైపు పల్లానికి దిగిపోతారు. ఆడవాళ్ళని, పిల్లల్ని, పశువుల్ని ముందే కొండల మీదికి పంపేశారు. ఖాళీ ఇళ్ళు మిగిలాయి.

సైన్యం ఆ ఇళ్ళలోని గింజలు, మేత తీసుకుని ఇళ్ళు కాల్చడం మొదలుపెట్టింది. బాగ్ అనే చోట తెగల పెద్దలు జిర్గా కూర్చునే మసీదు ఉంది, దాన్ని ముట్టుకోలేదు. తిరుగుబాటు నడిపిన ముల్లా సయ్యద్ అక్బర్ ఇల్లు మాత్రం కాల్చేశారు. రాత్రి మకాంలో దీపం వెలిగిస్తే గుండు వచ్చేది. లాక్‌హార్ట్ తన సైన్యానికి చెప్పిన మాటల సారం: ఎదుట ఉన్నవాళ్ళు పుట్టుకతోనే గురిగాళ్ళు, ఇంత కష్టమైన నేల లోకంలో ఇంకోటి లేదు, కాబట్టి తొందరపడొద్దు.

ఓరుగల్లు_పిల్ల (శనివారం రాత్రి 9:48)

వాళ్ళకి అంత మంచి తుపాకులు ఎక్కడివి అంకుల్?

పాతపటాలు (శనివారం రాత్రి 10:10)

దొంగిలించినవి, కొన్నవి, బహుమతిగా వచ్చినవి, ఇంకా ఖైబర్ పోస్టుల్లో దొరికినవి. ఎక్కువ మార్టిని-హెన్రీలు, స్నైడర్లు. తుపాకీ కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వాళ్ళలో చాలామంది బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసి పింఛనుతో ఇంటికొచ్చినవాళ్ళు. బ్రిటిష్ ఆఫీసరు ఏ బూర ఊదితే సిపాయిలు ఏం చేస్తారో వాళ్ళకి తెలుసు. ఎప్పుడు వెనక్కి తగ్గుతారో కూడా తెలుసు.

బ్రిటిష్ వైపు తెల్ల పటాలాలకి కొత్త లీ-మెట్‌ఫర్డ్‌లు, మన సిపాయిలకి పాత మార్టిని-హెన్రీలు. అంటే మన సిపాయి దగ్గరున్నదీ అఫ్రీదీ దగ్గరున్నదీ ఒకే రకం తుపాకీ. తెల్లవాళ్ళ లీ-మెట్‌ఫర్డ్‌లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో తయారైన, ఒంట్లోకి దిగి విచ్చుకునే తూటాలు వాడారు. వాటి మీద యూరప్‌లో గొడవ అయి 1899లో హేగ్‌లో నిషేధం పెట్టారు.

రిటైర్డ్_శాపర్ (ఆదివారం ఉదయం 6:45)

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కొండ దారిలో దళం నడవాలంటే రెండు పక్కలా ఉన్న ఎత్తుల మీద ముందే పికెట్లు, అంటే చిన్న కాపలా దళాలు, ఎక్కించాలి. కింద సామానంతా దాటేదాకా వాళ్ళు పైన ఉంటారు. వెనక దళం వాళ్ళ కిందికి వచ్చాక జెండా ఊపుతుంది. అప్పుడు పైవాళ్ళు దిగాలి. ఇక్కడే ఉంది గండం. ఎక్కేటప్పుడు శత్రువు ముందుంటాడు, దిగేటప్పుడు వెనక ఉంటాడు. సగంమంది ముందు దిగి కింద ఒక బండ దగ్గర ఆగి తుపాకులు పైకి పెడతారు, మిగిలిన సగం ఒక్కసారిగా పరిగెడతారు. వాళ్ళు ఇలా దిగారో లేదో, అవతలి వాలులో పొంచి ఉన్న అఫ్రీదీ అదే రాళ్ళ గోడ వెనక నుంచి వీపుల మీద కాలుస్తాడు.

ఇప్పుడు ఒకడికి తొడలో గుండు తగిలింది అనుకోండి. వదిలెయ్యడానికి లేదు, దొరికితే నరికేస్తారని అందరికీ భయం. మోయడానికి నలుగురు. ఆ నలుగురి తుపాకులు ఇంకొకరు పట్టుకోవాలి. వాళ్ళని కాయడానికి ఇంకో నలుగురు ఆగాలి. ఆ ఆగినవాళ్ళలో ఇంకొకడికి తగిలింది. ఒక్క గుండు పదిమందిని ఆపేస్తుంది. అఫ్రీదీకి గెలవాల్సిన పని లేదు, ఒక్కడిని గాయపరిస్తే చాలు.

నవంబరు 9న సరన్ సర్ దగ్గర ఇదే జరిగింది. పైకి వెళ్ళి చూసి రావడమే పని. వెళ్ళడం సాఫీగా అయింది. తిరిగి దిగేటప్పుడు నార్తాంప్టన్‌షైర్ పటాలం గాయపడ్డవాళ్ళని మోసుకుంటూ ఒక లోతైన వాగులోకి దిగింది. చీకటి పడింది. ఒక కుర్ర లెఫ్టినెంటు, పన్నెండుమంది సిపాయిలు వెనక చిక్కుబడిపోయారు. మర్నాడు శవాలు దొరికాయి. వాళ్ళు గాయపడ్డవాళ్ళని వదలనందుకే పోయారు.

రాళ్ళసీమోడు (ఆదివారం ఉదయం 9:30)

సార్, ఇంత వివరంగా చదువుతుంటే ఇక్కడ కూర్చున్న నాకే టెన్షన్ వచ్చేస్తోంది. డోలీ మోసేవాళ్ళ సంగతి ఎవరైనా రాశారా? వాళ్ళ చేతిలో తుపాకీ కూడా లేదు కదా.

లెక్చరర్‌గారి_నోట్సు (ఆదివారం ఉదయం 11:05)

ఆ రోజుల ఆఫీసర్ల రాతల్లో వాళ్ళ ప్రస్తావన ఉంటుంది గానీ ఎక్కువగా విసుగుతోనే. "భయపడి పరిగెత్తారు, సామాను పారేశారు" అని. డిసెంబరులో తిరుగు ప్రయాణంలో ఇది బాగా కనిపిస్తుంది.

మంచు పడితే లోపల చిక్కుకుపోతామని డిసెంబరు 7 నుంచి మైదాన్ ఖాళీ చేశారు. మొదటి డివిజన్ మస్తూరా లోయ గుండా ఒరక్జాయిల నేల మీదుగా పోయింది, వాళ్ళు అప్పటికే సంధికి వచ్చేశారు కాబట్టి పెద్దగా ఇబ్బంది పడలేదు. రెండో డివిజన్‌తో లాక్‌హార్ట్ బారా లోయ పట్టాడు. బారా నదే దారి. ఒడ్డు లేని చోట నదిలోనే నడక, మళ్ళీ మళ్ళీ దాటడం, తడిసిన బట్టలు ఒంటి మీదే గడ్డకట్టడం. పైన వాన, మంచు. రెండు పక్కలా కొండల మీద నుంచి కాల్పులు. నేపాల్ గూర్ఖా, పంజాబు సిక్కు, స్కాట్లండువాడు, అందరికీ కనీసం ఉన్ని కోటు ఉంది. మైదానాల నుంచి నెలజీతానికి వచ్చిన డోలీవాళ్ళకి అది కూడా సరిగ్గా లేదు.

11వ తేదీ రాత్రి వెనక దళం మకాం చేరలేకపోయింది. చీకట్లో ముందున్న సామాను వరుస తెగిపోయింది. గోర్డన్‌ల మేజర్ ఒకాయన గాయపడ్డవాళ్ళనీ, చిందరవందరైన డోలీవాళ్ళనీ కూడగట్టుకుని దారి పక్కన కొన్ని ఇళ్ళు ఆక్రమించి తెల్లారే దాకా కాచుకున్నాడు. 13న వెస్ట్‌మకాట్ బ్రిగేడ్ వెనక దళంగా ఉన్నప్పుడు అఫ్రీదీలు దగ్గర దాకా వచ్చి కలబడ్డారు. 14న పెషావర్ నుంచి వచ్చిన దళం కాచుకుని ఉన్న స్వాయికోట్ చేరారు. అక్కడితో ప్రాణం లేచొచ్చింది.

టెక్సాస్_తెలుగోడు (ఆదివారం మధ్యాహ్నం 2:20)

చిన్న సైడు ట్రాక్. అక్కడ గూర్ఖా స్కౌట్లు అని రాత్రుళ్ళు అఫ్రీదీల పద్ధతిలోనే కొండలెక్కి వేటాడే దళం ఒకటి ఉండేది. అందులో చార్లెస్ బ్రూస్ అనే ఆఫీసరు. తర్వాత 1922లో ఎవరెస్టు యాత్రకి నాయకుడు అయ్యింది ఆయనే. సైన్యంలోకి నిక్కర్లు తెచ్చింది కూడా ఆయనే అంటారు, ఫుల్ ప్యాంటుతో కొండలెక్కలేక. స్కూల్లో ఎన్‌సీసీ నిక్కరు వేసుకున్న ప్రతివాడూ ఆయన్ని తలుచుకోవాలి.

రాళ్ళసీమోడు (ఆదివారం సాయంత్రం 6:10)

నిక్కర్లు సరే. ఖర్చు ఎవరు కట్టారో కూడా మాట్లాడుకుందాం. లండన్ ఖజానా కాదు, ఇండియా ఖజానా. 1896-97 మనకి ఏ ఏడు? కరువు ఏడు. మా అనంతపురం, బళ్ళారి, కర్నూలు, కడప అన్నీ ఎండిపోయి జనం కరువు పనుల్లో రాళ్ళు కొట్టారు. బొంబాయి, పుణెల్లో ప్లేగు. అదే ఏడు తిలక్‌ని రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. అదే ఏడు ఈ దండయాత్ర.

ఆ డిసెంబరులో బారా లోయ నుంచి సైన్యం బయటపడిన కొద్ది రోజులకే అమరావతిలో కాంగ్రెస్ సభ జరిగింది. (మన కృష్ణ ఒడ్డు అమరావతి కాదు, బేరార్ అమరావతి.) అధ్యక్షుడు శంకరన్ నాయర్. సరిహద్దుల మీదికి ముందుకు ముందుకు పోయే ఈ విధానం దేశానికి నష్టమని అక్కడ తీర్మానం చేశారు. పన్ను కట్టేవాడికి ఆ కొండల్లో ఏం పని అన్నదే నాకూ ఉన్న ప్రశ్న.

పాతపటాలు (ఆదివారం రాత్రి 8:00)

పన్ను కట్టేవాడు సరే, అడగకుండానే డబ్బిస్తానన్నవాళ్ళు కూడా ఉన్నారు. మన హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1887లో వాయవ్య సరిహద్దు రక్షణకి ఏడాదికి 20 లక్షల చొప్పున మూడేళ్ళు, మొత్తం 60 లక్షలు ఇస్తానని వైస్రాయికి రాశాడు. అప్పట్లో భయం అఫ్రీదీల గురించి కాదు, రష్యా గురించి. డబ్బు వద్దన్నారు గానీ ఆ ఉత్తరం పట్టుకునే సంస్థానాలు సామ్రాజ్యం కోసం సొంత ఖర్చుతో దళాలు పెంచే ఏర్పాటు మొదలైంది. పదేళ్ళ తర్వాత తిరాహ్‌కి సంస్థానాల దళాలు కూడా వెళ్ళాయి.

ఓరుగల్లు_పిల్ల (ఆదివారం రాత్రి 8:25)

అయితే చివరికి ఎవరు గెలిచినట్టు?

లెక్చరర్‌గారి_నోట్సు (ఆదివారం రాత్రి 9:15)

షరతులు చూస్తే బ్రిటిష్ వాళ్ళే. అఫ్రీదీలు 800 మంచి తుపాకులు అప్పగించాలి, 50 వేల రూపాయల జరిమానా కట్టాలి. మైదాన్‌లో ఉండగా ఒప్పుకోలేదు. చలికాలం పల్లానికి దిగితే పెషావర్ బజారు మూసుకుపోయి ఉంది, మళ్ళీ వసంతంలో దండు వస్తుందని కబురు. 1898 వసంతానికి ఒక్కో శాఖా వచ్చి కట్టింది. కానీ ఆలోపు జనవరి 29న షిన్ కమర్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది, మళ్ళీ వెనక్కి తగ్గేటప్పుడే. అందులో చనిపోయిన కర్నల్ హాటన్ 36వ సిక్కుల కమాండర్. సారాగఢీ రోజు ఫోర్ట్ లాక్‌హార్ట్ నుంచి అద్దాల సంకేతాలు అందుకుంటూ ఏమీ చేయలేక చూస్తూ నిలబడ్డది ఆయనే.

మొత్తం దండయాత్రలో సైన్యం వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు పదకొండు వందల పైచిలుకు.

రాళ్ళసీమోడు (ఆదివారం రాత్రి 9:40)

తుపాకులు వచ్చాయి, డబ్బు వచ్చింది. నేల వచ్చిందా? మైదాన్‌లో ఒక్క పోస్టు పెట్టగలిగారా? లేదు. 1901లో వైస్రాయి కర్జన్ వాయవ్య సరిహద్దు రాష్ట్రం విడిగా చేసి, తెగల నేల నుంచి మామూలు సైన్యాన్ని చాలావరకు వెనక్కి లాగి, మళ్ళీ ఆ తెగలవాళ్ళనే జీతాలిచ్చి కాపలా పెట్టాడు. అంటే 1897కి ముందున్న ఏర్పాటే కదా. దీన్ని గెలుపు అంటే నేను ఒప్పుకోను.

రిటైర్డ్_శాపర్ (సోమవారం ఉదయం 6:15)

రాళ్ళసీమ తమ్ముడూ, నేల కోసం వెళ్ళలేదు. ఎప్పుడైనా లోపలికి రాగలం అని చూపించడానికి వెళ్ళారు. అది చూపించారు. ఎంత ఖరీదుకి అన్నది నీ ప్రశ్న, అందులో నీతో తగాదా లేదు. 1908లో జక్కా ఖేల్ మీదికి మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు వారాల్లో పని ముగించుకుని వచ్చేశారు. తిరాహ్‌లో నేర్చుకున్న పాఠం అది: తక్కువ సామాను, తొందరగా లోపలికి, తొందరగా బయటికి.

అఫ్రీదీలు మాత్రం లాక్‌హార్ట్ మీద పగ పెట్టుకోలేదు. 1898 ఏప్రిల్లో ఆయన పెషావర్ వదిలి వెళ్తుంటే వందలమంది వచ్చి బండి గుర్రాలు విప్పేసి తామే స్టేషన్ దాకా లాగుతామన్నారట. ఆనాటి అధికారుల రాతల్లో ఉంది. ఎదుటివాడు బాగా పోరాడితే గౌరవించడం వాళ్ళ పద్ధతి. మళ్ళీ వాళ్ళ కుర్రాళ్ళు అదే సైన్యంలో చేరారు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర విషవాయువు మధ్య పోరాడి విక్టోరియా క్రాస్ పొందిన మీర్ దస్త్ తిరాహ్ మైదాన్‌వాడే. ఆయన తమ్ముడు మీర్ మస్త్ అంతకు ముందు నెలే జర్మన్ల వైపు వెళ్ళిపోయాడు.

ఓరుగల్లు_పిల్ల (సోమవారం ఉదయం 7:50)

ఒకే ఇంట్లో!! సార్, ఆఖరి ప్రశ్న. ఈ దండయాత్రలో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రిటైర్డ్_శాపర్ (సోమవారం రాత్రి 8:30)

ఉన్నారమ్మా. మద్రాస్ శాపర్స్, 21వ మద్రాస్ పయనీర్లు. రెండింటి యుద్ధ గౌరవాల్లోనూ "తిరాహ్" ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ పటాలాలు కాబట్టి తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళ పని కొండ దారి తవ్వడం, వాగుల మీద వంతెన వేయడం, బురుజులు పేల్చడం. 1897 నాటికి ఇంగ్లీషు ఆఫీసర్లలో దక్షిణాదివాడు యుద్ధానికి పనికిరాడన్న అభిప్రాయం పాతుకుపోయింది, మద్రాసు పటాలాలని ఒక్కొక్కటీ తగ్గించేస్తున్నారు. అయినా కంచరగాడిద నడవాలంటే ఎవరో దారి వేయాలి కదా, వీళ్ళని మాత్రం పిలిచారు. పయనీర్లని 1933లో ఎత్తేశారు. శాపర్స్ బెంగళూరులో ఇప్పటికీ ఉన్నారు, మమ్మల్ని ఇప్పటికీ తంబీలనే పిలుస్తారు, తెలుగువాడైనా సరే.

టెక్సాస్_తెలుగోడు (సోమవారం రాత్రి 8:52)

తంబీ గారూ, మీ పటాలం వాళ్ళ 1897 ఫోటోలు ఏమైనా ఉంటే విడిగా ఇంకో థ్రెడ్ పెట్టండి. దీనికి ఇప్పటికే రెండు పేజీలయ్యాయి, ఫోన్లో కిందికి జరపలేకపోతున్నా.